కొలను అవతలి గట్టు

చిరంజీవి మిసుజుకి, అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ చలి మొదలైంది. మేం బాగానే ఉన్నాం. ఆ ‘బాగానే’ సంగతి తర్వాత చెబుతాను.

నువ్వు సప్పొరో నుంచి పంపిన చేప అందింది. పక్కింటికి కూడా ఇచ్చాను. నాన్న మోకాలు ఎలా ఉందన్నావు. మోకాలికేం, దిట్టంగా ఉంది. నోరు అంతకన్నా దిట్టంగా ఉంది. ఈ ఏడు ఆకులు రాలేలోగా కొండకింది గుడిలో కొలనును అవతలి గట్టు నుంచి చూడాలని ఒకటే పట్టు. మా పెళ్లిచూపుల నాడు పెద్దవాళ్లు మమ్మల్ని నడిచి రమ్మని పంపింది అక్కడికే కదా.

సరే, వెళ్లాం. బాట మధ్యలో, దాటొద్దన్న గుర్తుగా నల్లతాడు కట్టిన రాయి ఉంది. మీ నాన్న టక్కున వెనక్కి తిరిగారు.

“అడుగుదామండీ” అన్నాను.

“అడిగితే కాదనలేక వాళ్లు ఇబ్బంది పడతారు. పద.”

మరో వారం వెళ్తే రాయి అక్కడే ఉంది. ఈసారి నేనూ అడుగుదామనలేదు. గుడి వసారాలో కాసేపు కూర్చుని వచ్చేశాం.

నిన్న మళ్లీ వెళ్లాం. గుడి గురువుగారి భార్య యసుయో చీపురు పట్టుకుని ఎదురొచ్చింది.

“ఇక్కడిదాకా వచ్చి వెళ్లిపోతారేంటి పెద్దాయనా? అవతలి గట్టు మీద అలిగారా?”

మీ నాన్న నేల చూపులు చూస్తూ రాయి వైపు వేలు చూపించారు. ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

“వానల్లో నాచు జారుతుందని పెట్టి, తీయడం మరిచిపోయానండీ. ఊళ్లో ఒక్కరైనా అడగరేం? ఇంత మర్యాదస్తులు దొరికారేంటమ్మా నాకు” అంటూ రాయి తీసి పక్కన పెట్టింది. ఆవిడ కడుపు చల్లగా ఉండాలి.

ఆ గట్టు మీద జరిగింది చెప్పాలంటే ముందు నీకు దాచింది చెప్పాలి. నాన్నకి ఎడమ కన్ను పోయింది. కుడిది వసంతం దాకా ఉంటే గొప్పే అన్నారు డాక్టరుగారు. పిల్ల ఉద్యోగం వదిలి పరిగెత్తుకొస్తుంది, చెప్పకు అని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు ఇవాళ తీసి గట్టున పెట్టాను.

అక్కడ కూర్చున్నాం. నీళ్ల నిండా ఎర్రటి ఆకులు. కాసేపటికి ఆయన “ఇలా వెలుగులోకి తిరుగు” అన్నారు. నా మొహమే చూస్తూ ఉండిపోయారు.

“కొలను అటుంది” అన్నాను, సిగ్గేసి.

“దాన్ని చూసేశాను. నుదుటి మీద ఈ ముడత ఎప్పటిది?”

“మిమ్మల్ని చేసుకున్నప్పటిది.”

పడీపడీ నవ్వారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నన్ను అంత తీరిగ్గా చూసింది లేదు మిసుజూ. ఆ పూట దక్కినందుకు బుద్ధుడికి ఎన్ని దణ్ణాలు పెట్టుకున్నానో.

లేవబోతూ అడిగారు, “మన మిసుజు గడ్డం నీ పోలికా, మా అమ్మ పోలికా?” ఎంత తలుచుకున్నా సరిగ్గా గుర్తు రావడం లేదట.

నిన్ను రమ్మని ఆయన అడగరు, నువ్వు ఇబ్బంది పడతావని. నేను అడుగుతున్నాను. రా తల్లీ. వచ్చి వెలుగులో కూర్చో.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న
అమ్మ, తొషియె