పది లెక్కపెట్టేలోపు

జూన్ 15, ఆదివారం

"అమ్మా, ఫోన్ చేసినవా?" పొద్దున్నుంచి సహస్ర ఇది నాలుగోసారి అడగడం. చేయలేదు.

తప్పు నాదే. పోయిన ఆదివారం కరీంనగర్ ఫంక్షన్ హాల్లో పిల్లల టాలెంట్ షో అంటే, ఊరికే చూసొద్దామని తీసుకెళ్లాను. తొమ్మిదేళ్ల పిల్ల, స్టేజీ ఎక్కి నాలుగు మాటలు చెప్పింది. సీరియళ్లకు పిల్లలను వెతికే సరిత మేడం అట, హైదరాబాద్ నుంచి వచ్చింది. "పాప కళ్లు మాట్లాడుతున్నాయండీ" అని చీటీ మీద నంబరు రాసిచ్చింది. ముందు కొన్నాళ్లు యాక్టింగ్ నేర్పించమంది. కరీంనగర్‌లోనే శేఖర్ మాస్టర్ దగ్గర, ఆదివారాలు.

అన్నకు చెప్తే ఒకటే నవ్వు. "పోరి కండ్లు మాట్లాడుతున్నయో లేదో గాని, ఆమె నోరు మస్తు మాట్లాడుతున్నది. జర పైలం చెల్లే."

జమ్మికుంట పత్తి మార్కెట్లో పనాయనకు. బస్తా పైన తెల్లగానే ఉంటుంది, లోపలికి చెయ్యి పెట్టి తడి చూడాలి అంటాడు ప్రతిదానికీ. పెళ్లిచూపులకు వచ్చిన మా ఆయన గురించి కూడా ఇదే మాట అన్నాడు.

జూన్ 18

ఆ యాక్టింగ్ స్కూలుకు ఫోన్ చేశాను. ఆదివారం రమ్మన్నారు. పిల్ల ఇల్లంతా గంతులు.

జూన్ 22, ఆదివారం

వెళ్లి చూసి వచ్చాం.

మా సూపర్‌వైజర్ మేడం నా అంగన్‌వాడీ సెంటర్‌ను ఎట్లా చూస్తుందో, నేను ఆ స్కూలును అట్లాగే చూశాను. పన్నెండేళ్లుగా నన్ను తనిఖీ చేసినవాళ్ల మీద కసి అంతా తీర్చుకున్నాను. రిజిస్టర్‌లో పద్దెనిమిది పేర్లు, గదిలో పద్దెనిమిది తలలు. బాత్రూమ్ గడియ లోపలినుంచి నేనే వేసి చూశాను, పడుతుంది. ఆడపిల్లలతో ఒక ఆయా ఎప్పుడూ ఉంటుంది. ముందునుంచి వస్తున్న తల్లులను పక్కకు పిలిచి అడిగాను. మాస్టర్ ఆధార్ కార్డు కూడా అడిగాను... నవ్వుతూ తీసిచ్చాడు.

క్లాసు గదికి అద్దం తలుపు. తల్లిదండ్రులకు బయట బెంచీ. ఏసీ గది కాబట్టి లోపలి మాట వినబడదు, మనిషి మాత్రం కనబడుతుంది. కళ్ల ముందు ఉంటే చాలు కదా.

తర్వాత ఫారం. నాలుగు పేజీలు. పాపకు ఇష్టమైనవి, భయపడేవి, మనసుకు తగిలిన సంఘటనలు — ఇన్ని అడుగుతున్నారంటే పిల్లల మీద ఎంత శ్రద్ధ అనుకున్నాను. పక్కన కూర్చున్న తల్లి అన్నిట్లో గీత గీసి ఇచ్చేసింది. నాకు అట్లా చేతకాదు. నా చేతి మీదుగా ఒక్క గడి కూడా ఖాళీగా పోయింది లేదు ఇన్నేళ్లలో. రెండేళ్ల కింద పోయిన మా ఆయన సంగతి అయిదు లైన్లు రాశాను. దుబాయ్ నుంచి శవం డబ్బాలో రావడం, వాకిట్లో మూత తీయడం, పిల్ల కంటతడి పెట్టకపోవడం.

"ఇంత వివరంగా ఎవరూ రాయరు మేడం" అన్నాడు మాస్టర్. పొంగిపోయాను.

జూన్ 23

అన్న ఫోన్.

"ముందుగాలనే పైసలు గుంజుతుండ్రా?"

"లేదన్నా."

"ఫోటోలు, గీటోలు అని?"

"ఏం లేదు. నెలకింత ఫీజు, రసీదు ఇస్తుండ్రు."

"అయితే సరే తియ్. ఫికర్ లేదు."

అన్న ఫికర్ లేదన్నాడంటే అది పెద్ద సర్టిఫికెట్టే.

జూలై 6, ఆదివారం

తిరుగు బస్సులో సహస్ర కిటికీ పక్కన కూర్చొని పాట పాడింది. రెండేళ్లయింది ఈ పిల్ల బస్సులో పాడక. కండక్టర్ నాకు ఆడవాళ్ల ఉచిత జీరో టికెట్ కొడుతూ, "గొంతు మంచిగున్నది బిడ్డా" అన్నాడు. నేను తల తిప్పుకొని కళ్లు తుడుచుకున్నాను.

జూలై 20, ఆదివారం

ఏడ్చింది. నా బిడ్డ ఏడ్చింది.

అద్దంలోంచి చూశాను. మాస్టర్ ఎదురుగా నేల మీద కూర్చొని ఏదో చెప్తున్నాడు, మెల్లగా. పిల్ల కళ్లు మూసుకుంది. కాసేపటికి బుగ్గల మీద ధారలు. భుజాలు అదురుతున్నాయి.

ఆ రోజు డబ్బా మూత తీసినప్పుడు వాడంతా గుండెలు బాదుకుంటే, ఇది వాళ్ల బాపమ్మ కొంగు పట్టుకొని నిలబడి చూసింది. "బాపు గీ డబ్బల ఎట్ల పట్టిండు?" అని ఒక్క మాట. పంతొమ్మిది రోజులు ఎదురుచూసిన ముఖం, చూపించింది కొద్దిసేపే. మళ్లీ మూసేశారు. పిల్ల ఏడవలేదు. పదకొండో రోజునా ఏడవలేదు. తర్వాతా లేదు. "పోరి రాయి లెక్కున్నది" అన్నారు. మా అత్త అయితే నా ముందే అంది, కొడుకు పోయిన దుఃఖం కన్నా పిల్ల ఏడవలేదన్నదే ఆమెను ఎక్కువ కాల్చింది.

ఇవాళ బయట బెంచీ మీద నేనూ ఏడ్చాను. సంతోషంతోనే. మాస్టర్ బయటికి రాగానే రెండు చేతులెత్తి దండం పెట్టాను.

జూలై 26

రేపటి క్లాసుకు అత్త సర్వపిండి కాల్చి గుడ్డలో కట్టి ఇచ్చింది. "గా మాస్టరుకు ఇయ్యి. దేవుని లెక్క వచ్చిండు. పిల్ల గుండెల గడ్డ కరిగిచ్చిండు."

ఆగస్టు 13, బుధవారం

వానకు బడి సెలవు. అంగన్‌వాడీకి సెలవెక్కడిది? సహస్రను సెంటర్‌కే తీసుకెళ్లాను.

పిల్లలకు గుడ్లు పెట్టి చాప మీద కూర్చోబెట్టాను. ఇది పెద్ద టీచర్‌లా ముందు కూర్చుంది. "మీకొకటి చూపెట్టాల్నా?" కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. ఒకటి... రెండు... కన్నీళ్లు వచ్చేశాయి. దొంగ ఏడుపు కాదు. ముక్కు ఎర్రబడింది, గొంతు పూడింది.

మూడేళ్ల నందిని లేచి వచ్చి, గుడ్డు తిన్న చేత్తోనే దాని బుగ్గ తుడిచింది. తర్వాత అదీ ఏడుపు అందుకుంది. ఒక్కొక్కరే... పదకొండు మంది పిల్లలు గొల్లున. సహస్ర టక్కున కళ్లు తెరిచి పకపకా నవ్వింది. "అయిపోయింది, అయిపోయింది! ఉత్తదే!"

అందరినీ ఊరుకోబెట్టాక అడిగాను.

"ఎట్ల వస్తయి బిడ్డా అన్ని నీళ్లు?"

"డబ్బ యాది తెచ్చుకుంట. సార్ చెప్పిండు. మూత తీసేకాడ ఆగుమన్నడు. ఆగి పది లెక్కపెట్టమన్నడు. ఆరుకే వస్తయి నాకు."

ఆరుకే వస్తాయని గొప్పగా చెప్పింది. ఎక్కాలు అప్పజెప్పినట్టు.

నేను గుడ్ల పెంకులు ఏరుతూ ఉండిపోయాను.

ఆగస్టు 14

డబ్బా సంగతి మాస్టర్‌కు ఎట్లా తెలిసిందని రాత్రంతా బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిన పనేమీ లేదు. అయిదు లైన్లు. గుండ్రటి చేతిరాత. నాదే.

ఆగస్టు 17, ఆదివారం

గొంతు లేస్తుందేమో అనుకుంటూ వెళ్లాను. లేవలేదు. ఆయన అంత శాంతంగా మాట్లాడాడు.

"ఇది టెక్నిక్ మేడం. అంతటా ఇలాగే నేర్పుతారు. గ్లిజరిన్ పెట్టి పిల్లల కళ్లు పాడుచేసేవాళ్లూ ఉన్నారు, నేను ఆ పని చేయను." ఆగి, "మీరే కదా ఆ రోజు దండం పెట్టారు?"

పెట్టాను. కాదనడానికి నోరేది? మోసగాడైతే నాలుగు తిట్టి వచ్చేదాన్ని. మనిషి మంచివాడే. ఎండలో వచ్చామని పిల్లకు మంచినీళ్లు కూడా తెప్పించాడు.

ఫారం వాపసు అడిగాను. ఫైలులోంచి తీసి ఇచ్చేశాడు. ఇక రామని చెప్పి వచ్చేశాను.

బస్సు మానకొండూరు దాటాక సహస్ర కిటికీ వైపు తిరిగింది. తర్వాత నా వైపు చూడకుండానే —

"నేను మంచిగ చేస్తలేనా అమ్మా?"

ఆగస్టు 20

మూడు రోజులుగా సరిగ్గా తినడం లేదు. అత్త నా మీద గుర్రు. "పిల్ల నవ్వు మొఖం చూసి ఎన్నొద్దులైంది? నీకేం పుట్టింది, మాన్పిచ్చినవ్?"

చెప్పలేను. చెప్తే, మనవరాలు తన కొడుకు కోసం ఏడ్చిందన్న ఆమె ఒక్క తృప్తీ పోతుంది.

ఆగస్టు 24, ఆదివారం

మళ్లీ పంపాను. రాయడానికి సిగ్గుగా ఉంది.

ఒక షరతు పెట్టాను — వాళ్ల బాపు మాట, డబ్బా మాట ఎత్తకూడదు. "ప్రామిస్ మేడం" అన్నాడు మాస్టర్. పిల్ల ముందే అన్నాడు.

సెప్టెంబర్ 7

క్లాసు. బాగానే ఉంది. హుషారుగా ఉంది. ఇంట్లో కూడా "వచ్చాడు, వెళ్లాడు" అని సీరియల్ మాటలు. బాపమ్మ వెక్కిరిస్తే ఇద్దరూ నవ్వుకున్నారు.

సెప్టెంబర్ 21, ఆదివారం

పెత్రమాస. ఆయన పేరు మీద బియ్యం, పప్పు, కూరగాయలు చాటలో పెట్టి అయ్యగారికి ఇచ్చాం. ఫోటోకు బంతిపూల దండ. అన్నా వదినా వచ్చారు.

"బాపుకు దండం పెట్టు బిడ్డా" అంది అత్త.

సహస్ర ఫోటో ముందు చేతులు జోడించింది. పెదవులు కదలడం నేను చూశాను. నాకు మాత్రమే తెలిసిన కదలిక అది. కన్నీళ్లు జారాయి. అత్త ఒక్క ఉదుటున దాన్ని గుండెకు హత్తుకుంది. "నా కొడుకు కోసం ఏడ్సింది... నా కొడుకు నోట్ల ఇయ్యాల బువ్వ వడ్డట్టే." వదిన కొంగుతో ముఖం కప్పుకుంది. అన్న గోడవైపు తిరిగాడు.

ఆ పిల్ల చూపు మాత్రం ఫోటో మీద లేదు. బాపమ్మ భుజం మీదుగా నన్ను చూస్తోంది.

సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు పూలు తుంచి ఇస్తూ అడిగాను. డబ్బా మళ్లీ యాది చేసుకున్నావా అని.

"లేదు. నువ్వు వద్దన్నవు గదా? సార్ మాటిచ్చిండు గదా?"

"మరి?"

"ఇంకోటి చెప్పిండు. నీకు అందరికన్న ఎవరిష్టమో వాళ్లు సచ్చిపోయిండ్రు అనుకో అన్నడు."

గునుగు పూల కట్ట నా చేతిలోనే ఉంది.

"నువ్వే అమ్మా. నువ్వైతే నాలుగుకే వస్తయి."

పొగడాలని చూస్తోంది. ఇష్టం చెప్పుకుంటోంది నా బిడ్డ. ఆ మాస్టర్ ఇచ్చిన మాట అక్షరాలా నిలబెట్టుకున్నాడు.

బతుకమ్మ ఆడాను. చప్పట్లు తప్పుతూనే ఉన్నాయి.

సెప్టెంబర్ 28

క్లాసుకు పంపలేదు. జ్వరమని అబద్ధం. జ్వరం నాకని చెప్తే సహస్ర ముఖం పాలిపోయింది. రోజంతా మంచం వదల్లేదు, నా పక్కనే. నుదురు మీద చెయ్యి పెట్టి చూడటం, మళ్లీ పెట్టి చూడటం.

ఇంకెప్పుడూ ఆ అబద్ధం చెప్పను.

అక్టోబర్ 5, ఆదివారం

సరిత మేడం ఫోన్. మాస్టర్ పంపిన వీడియో చూసి సీరియల్ వాళ్లు ఓకే చేశారట. ఏడుపు సీన్లు ఎక్కువట. "ఇంత సహజంగా ఏడ్చే పాపను నేను చూడలేదండీ."

సహస్ర వాడంతా తిరిగి చెప్పి వచ్చింది.

అక్టోబర్ 10

అన్న నాకు చెప్పకుండానే హైదరాబాద్ వెళ్లి వచ్చాడు. ఆఫీసు చూశాడట, షూటింగ్ జాగా చూశాడట, వేరే పిల్లల తల్లిదండ్రులతో కూర్చొని ఛాయ్ తాగాడట.

"లోపటి దాక చెయ్యి వెట్టి చూసిన చెల్లే. తడి లేదు. అందరు నిజమైనోళ్లే. నువ్వు కూడ పక్కనే ఉండొచ్చట. ఇంకేంది నీ పరేషాన్?"

ఏమని చెప్పను? ఎవరూ ఏమీ దోచుకోలేదన్నా... దొంగ కోసం తలుపు దగ్గర కాపలా కూర్చున్నది నేనే, లోపలిది అయిదు లైన్లలో రాసిచ్చిందీ నేనే.

"పిల్ల ఏడ్వకుంటే బాధపడితివి. ఇప్పుడు ఏడిస్తే బాధపడ్తున్నవ్" అన్నాడు. నిజమే.

అక్టోబర్ 12, ఆదివారం

ఒప్పందం కాగితాలు వచ్చాయి. రేపు పొద్దున్న చెప్పాలి.

పేరు, వయసు, తరగతి, ఊరు — అన్నీ నింపాను. తండ్రి పేరు. పక్కనే "లేరు". చివర ఒక్క గడి, తల్లి సంతకం. అది ఖాళీగానే ఉంది. మధ్యాహ్నం నుంచి పెన్ను పట్టుకొని దాని ముందే కూర్చున్నాను.

పంపను అంటే? నా బిడ్డకు బాగా వచ్చిన ఒకే పని ఇది, అది నేను లాక్కున్నట్టు. పంపితే? రోజుకు ఎన్నిసార్లు చావాలో నేను, దాని కళ్ల వెనక. నేను చావడం పెద్ద సంగతి కాదు. అన్నిసార్లు చూడాల్సింది అది. తొమ్మిదేళ్లది.

ఎదురుగా గడప మీద కూర్చుంది. రేపు అడుగుతారేమోనని ప్రాక్టీసట. మోకాళ్ల మీద చేతులు, నా మీద చూపు. పెదవులు కదులుతున్నాయి. ఒకటి...

"నేను ఈడనే ఉన్న బిడ్డా" అంటూ లేవబోయాను.

"అబ్బ! కదలకు అమ్మా. జరసేపు గట్లనే ఉండు."