ఎదుటి దుకాణం జాబితాలో మన పేరు

దిల్‌సుఖ్‌నగర్,
10 అక్టోబరు 2011

చిరంజీవి వాసంతికి,

నాయిన దీవెనలు. అమ్మ మోకాలు తప్ప ఇక్కడ అన్నీ బాగానే ఉన్నాయి. సూరత్‌లో నువ్వు వేళకు తింటూ బాగుంటున్నావనే అనుకుంటున్నాను. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఇంట్లో మాట్లాడితే అమ్మ వింటుంది, దుకాణంలో మాట్లాడితే ఎవరు వింటారో తెలియదు. కవరుకు రెండుసార్లు జిగురు పెట్టాను. అంటించిన చోట చిరిగి ఉంటే వెంటనే చెప్పు.

అమ్మ మందుల సంగతి అడిగావు. వేసుకుంటోంది. సమ్మె వల్ల బస్సులు తిరగక మూడు వారాలైంది, ఎల్బీనగర్ దవాఖానకు ఆటోలోనే పోయి వచ్చాం. సద్దుల బతుకమ్మ ఈసారి నడిరోడ్డు మీదే ఆడారు. నేను కూడా రెండు రోజులు ధర్నాలో కూర్చున్నాను. తెలంగాణ వస్తుంది, ఆ నమ్మకం ఉంది. పండుగ గిరాకీ మాత్రం పోయింది. సగం రోజులు షట్టర్ దించే ఉంటున్నాం కాబట్టి నువ్వు పెట్టించిన వెబ్‌సైటే మనకు దిక్కయింది. నీ స్నేహితురాలు సూర్యప్రభ గురించి అడిగావు, అది తర్వాత రాస్తాను.

ఎదుటి దుకాణం సైట్‌కు జనం ఏ మాటలు వెతికి వస్తున్నారో చూస్తే, మనం ఏం రాయాలో తెలుస్తుందన్నావు కదా. మూసారాంబాగ్‌లో ఇంటర్నెట్ సెంటర్ నడిపే కృష్ణతో ఆ జాబితా తీయించాను. నాకు ఒకరి గుట్టు తీసి ఇచ్చినవాడు రేపు నా గుట్టు ఇంకొకరికి ఇవ్వడా అని అతని మీద ఒక కన్ను వేసే ఉంచాను. పని మాత్రం తెలిసినవాడే.

"మీ సైట్ల ఇక్కత్ వారసత్వం అని రాసుకున్నరు సార్. గట్లెవరు ఎతుకుతరు? పోచంపల్లి పట్టుచీర, చిన్న అంచు, దిల్‌సుఖ్‌నగర్... గిట్ల ఎతుకుతరు జనం" అన్నాడు.

నిజమే. ఇన్నేళ్లలో ఒక్క మనిషీ దుకాణంలోకి వచ్చి వారసత్వం చూపించమని అడగలేదు. మాటలు మార్చాక, రోజుకు తొమ్మిది మంది చూసే సైట్‌ను ఇప్పుడు నలభై మంది చూస్తున్నారు. అందులో మన గుట్టు కనిపెట్టి రమ్మని జోగారావు పంపినవాళ్లు ఎందరో అని మొన్నటిదాకా లెక్కలు వేశాను.

జోగారావు మంగళగిరి నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా మన ఎదురుగానే నూలు చీరలు అమ్ముతున్నాడు. పట్టు అడిగినవాళ్లను ఆయన మన దగ్గరికి పంపేవాడు, నూలు అడిగినవాళ్లను నేను ఆయన దగ్గరికి పంపేవాడిని. ఉద్యమం వేడెక్కాక నేను పంపడం మానేశాను. మానేసినట్టు ఆయనకు చెప్పలేదు.

ఆ జాబితాలో మూడో వరుసలో ఏముందో తెలుసా? 'కోదండం పోచంపల్లి చీరలు' అని ఉంది. నా పేరు వెతికినవాళ్లు ఆయన సైట్‌కు పోతున్నారు! వాళ్లు అక్కడ ఏ పేజీ చూస్తున్నారో తెరిచి చూద్దామన్నాడు కృష్ణ. "ఇంకేం సూసుడు? దొంగ దొరికిండు" అని కాగితం జేబులో పెట్టుకుని వచ్చేశాను.

సూర్యప్రభ నీ ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. ఇక దాచలేను, బిడ్డా. ఆ జాబితా తెచ్చిన మర్నాడు బంద్. జోగారావు షట్టర్ సగం ఎత్తి ఉంది. లోపల ఆయనా, కూతురు సూర్యప్రభా అన్నం తింటున్నారు, అమ్మకం ఏమీ లేదు. అది నాకు తెలుసు. టీ కొట్టు దగ్గర ముక్కూ మొహం తెలియని నలుగురు, బంద్ రోజు దుకాణం ఎవరు తెరిచారని ఆరా తీస్తున్నారు. "గా ఎదురుంగ జర సూడున్రి" అన్నాను. అంతే అన్నాను. నా టీ అయిపోకముందే అద్దాలు పగిలాయి. సూర్యప్రభ అరచేతికి నాలుగు కుట్లు పడ్డాయి.

ఆ గొడవలోనే జోగారావు పరుగున మన దగ్గరికి వచ్చాడు. "మీ షాపుకేం కాలేదు కదండీ కోదండం గారూ? ముందు షట్టర్ దించేయండి" అన్నాడు. ఆ రోజు మన షట్టర్ కూడా సగం ఎత్తే ఉంది, అప్పుడు దించాను.

మూడు రోజుల తర్వాత బడంగ్‌పేట్ నుంచి సుమిత్రమ్మ అనే ఆమె పట్టుచీరకు వచ్చింది. "ఎదురు దుకాణపోళ్ల సైట్ల మీ అడ్రసు సూసి ఒచ్చిన" అంటూ ప్రింటు తీసిన కాగితం చూపించింది. అందులో ఇలా ఉంది: 'పోచంపల్లి పట్టు మా దగ్గర ఉండదు. ఎదురుగా కోదండం గారి దుకాణంలో అసలైనవి దొరుకుతాయి.' కింద మన ఫోన్ నంబరు. ఆయన నోటితో పంపే గిరాకీని, సైట్ చూసుకునే కూతురు దాని ద్వారా కూడా పంపుతోంది. నేను దొంగతనమనుకున్నది అది.

నిన్న సూర్యప్రభ కట్టు కట్టిన చేత్తోనే షట్టర్ ఎత్తుతుంటే సాయం చేయబోయాను. నా మొహం చూడకుండానే అంది: "టీ కొట్టు దగ్గర మీరేమన్నారో నాకు తెలుసు అంకుల్. నాన్నకి చెప్పలేదు. చెప్పినా ఆయన నమ్మరు."

రాత్రంతా అదే మాట. పొద్దున్నే కృష్ణ దగ్గరికి పోయి వాళ్ల సైట్ తెరిపించాను, ఈపాటికి మన పేరు తీసేసి ఉంటుందని. తీయలేదు. అన్నీ తెలిసి కూడా ఆ పిల్ల దాన్ని అలాగే ఉంచింది. సిగ్గుతో చచ్చిపోయాను, వాసంతీ.

నువ్వు ఆ పిల్లకు ఇప్పుడే ఫోన్ చేయకు. ముందు నేను చెప్పాలి. ఈ ఉత్తరం డబ్బాలో వేసి, అటు నుంచి అటే జోగారావు దుకాణానికి పోతాను. ఆయన నమ్మేదాకా చెబుతాను.

ఇట్లు,
తలెత్తుకోలేని నీ నాయిన,
కోదండం