చెవులు బద్ధకిస్తాయట!

చిరంజీవి బావమరిదికి,

మీ బావ దీవెనలు. నువ్వూ, నీ రిపేరు దుకాణమూ కులాసా అని తలుస్తాను.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. ఫోనులో నువ్వు మాట్లాడితే బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు ఉంటోంది. మెసేజి పెడదామంటే, అచ్చాఫీసులో ముప్పయ్యేళ్ళు సీసపు అక్షరాలు ఏరి పేర్చిన ఈ వేళ్ళు ఆ గాజు పలక మీద ఒకటి నొక్కితే ఇంకొకటి పడుతోంది. కలమే నయం.

అసలు సంగతి. మీ అక్క నన్ను చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన నన్నొక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, చప్పుడు వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నాడు. చాలాసేపు మర్యాదగా కూర్చున్నాను. చివరికి ఓపిక నశించి, "పరీక్ష ఎప్పుడు మొదలెడతారండీ?" అని అడిగాను. అయిపోయిందట.

అచ్చు యంత్రాల మోత పక్కన అన్నేళ్ళు నిలబడ్డాను కదా, రెండు చెవులకీ మిషన్లు పెట్టుకోక తప్పదన్నాడు. శుక్రవారం వెళ్ళి తెచ్చుకుందామని మీ అక్క పట్టుదల. యంత్రాల సంగతి నీకన్నా తెలిసినవాడు మన రెండిళ్ళల్లోనూ లేడు. నువ్వు ఊఁ అంటే ఊఁ, ఉహూఁ అంటే ఉహూఁ.

ఇట్లు,
నీ తీర్పు కోసం చూసే
మీ బావ

తా.క. నిన్న పక్కింటావిడ గుమ్మంలో నిలబడి "మా పిల్లి పోయింది" అందట. నాకు "పెళ్ళైపోయింది" అని వినబడింది. "చాలా సంతోషమమ్మా, ఇక మీకు ఏ బెంగా లేదు" అన్నాను. ఆవిడ అప్పట్నుంచీ మా వైపు కిటికీ తెరవడం లేదు.

---

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి చేతిలో ఉన్న టంకం కడ్డీ కింద పెట్టేశాను. మంచిపని చేశారు, ముందు నన్నడిగారు.

వద్దు బావగారూ. ముమ్మాటికీ వద్దు.

ఆ మిషను చేసే పనేమిటి? చెవి చెయ్యాల్సిన పని తను చేస్తుంది. ఇక చెవి ఏం చేస్తుంది? బద్ధకిస్తుంది. కాళ్ళు బార్లా జాపుకుని కూర్చుంటుంది. ఈరోజు నూటికి యాభై వినబడుతోందనుకోండి, ఏడాది తిరిగేసరికి అది కూడా మిషను తినేస్తుంది. కళ్ళజోడు పెట్టుకున్నవాడు మళ్ళీ తీసెయ్యడం ఎక్కడైనా చూశారా? పైగా బ్యాటరీని మెదడుకి అంగుళం దూరంలో పెట్టుకుంటారా? డాక్టర్లకి ఒళ్ళు తెలుసు గానీ బ్యాటరీ తెలుసా?

నేను చెప్పేది వినండి. చెవికి వ్యాయామం కావాలి. రోజూ ఉదయం గంట, సాయంత్రం గంట రేడియో గట్టిగా పెట్టుకుని దగ్గరగా కూర్చోండి. తుప్పు పట్టిన స్విచ్చిని పదిసార్లు నొక్కితే పని చెయ్యడం లేదూ? ఇదీ అంతే.

అన్నట్టు, ఫోనుని సున్నాకి దింపాకే చార్జింగు పెట్టండి. మధ్యలో పెడితే దానికి మతిమరుపు వస్తుంది.

ఇట్లు,
మీ మేలు కోరే బావమరిది

తా.క. ఈ ఉత్తరం అక్కకి చూపించకండి. తనకి టెక్నికల్ విషయాలు తలకెక్కవు.

---

చిరంజీవి బావమరిదికి,

దీవెనలు. ఉత్తరం రాసి ఎనిమిది నెలలైంది, ఏమీ అనుకోకు. వ్యాయామంలో మునిగి ఉన్నాను.

నీ మాట ప్రకారం ఆ శుక్రవారం వెళ్ళలేదు. మీ అక్క చీర కట్టుకుని, చెప్పులు వేసుకుని, గుమ్మం దగ్గర నిలబడింది. నేను రాననేసరికి ఎందుకని నిలదీసింది. నాకు అబద్ధం చేతకాదు. నీ ఉత్తరం చేతికిచ్చాను.

చదివి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "టెలిఫోను ఎక్స్ఛేంజిలో పాతికేళ్ళు చెవులకి డిప్పలు పెట్టుకుని పనిచేశాను. నా చెవులేం బద్ధకించలేదే?" అంది.

"మీ తమ్ముడు మెకానిక్కు. వాడికి తెలియదా?" అన్నాను.

"వాడు మెకానిక్కయితే రేడియోలకి. మీరు రేడియో కాదు."

దీనికి జవాబు నీకు తడితే రాయి.

వ్యాయామం మాత్రం మానలేదు. రేడియోలో వార్తలు వస్తుంటే ఎదురింటివాళ్ళు వాళ్ళ రేడియో కట్టేసుకుని వింటున్నారు. చెవులు బాగుపడినట్టే ఉంది. మనుషుల మాటే ఇంకా పట్టుబడటం లేదు. మీ అక్క ఒకటికి రెండుసార్లు చెబుతుంది. మూడోసారికి "ఏం లేదులెండి" అంటుంది. ఆ మాట మాత్రం స్పష్టంగా వినబడుతోంది, అదో ఆశ.

ఇట్లు,
మీ బావ

తా.క. మొన్న మధ్యాహ్నం మీ అక్క "కరెంటు లేదు" అంది. నేను "ఎందుక్కాదు, కరెక్టే" అని అరగంట వాదించాను. చెమటలు కారుతుంటే ఫ్యాను వైపు చూసి, అప్పుడు ఓడిపోయాను.

---

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారాలు. అక్క ప్రశ్నకి జవాబు సులువు. ఎక్స్ఛేంజిలో డిప్పలకి తీగ ఉంటుంది. తీగ ఉన్న యంత్రం వేరు, లేనిది వేరు. ఇంతకు మించి చెబితే మీకు తల నొప్పి పుడుతుంది.

వార్తలు వినబడుతున్నాయంటే సగం నయమైనట్టే. మనుషుల మాట వినబడకపోవడం మీ తప్పు కాదు. ఈ మధ్య మనుషులు నోట్లో మాట నోట్లోనే మింగేస్తున్నారు. నా దుకాణానికి వచ్చేవాళ్ళూ అంతే. మిక్సీ ఇచ్చి ఏదో గొణిగి వెళ్ళిపోతారు. నేను విప్పి చూసి, పాడైందేదో నేనే కనిపెట్టుకుంటాను.

పోయినవారం అక్క ఫోను చేసింది. లైను సరిగా లేదు. గొంతు మాత్రం చాలా హుషారుగా, గట్టిగా ఉంది. మీ చెవుల విషయంలో నన్ను మెచ్చుకుంటున్నట్టే అనిపించింది. "అంతా నీ అభిమానం అక్కా" అన్నాను.

మీ ఫోను సింకులో పడిందని రాసిన కార్డు కూడా అందింది. కంగారు పడకండి. తడిసిన ఏ యంత్రాన్నయినా రెండు రోజులు బియ్యం డబ్బాలో పాతిపెట్టండి. బియ్యం తడి లాగేస్తుంది. ఇది ప్రపంచమంతా ఒప్పుకున్న విషయం.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. అక్క ఫోను పెట్టేసే ముందు ఏదో పెద్ద మాట అంది. ఆశీర్వాదమే అయుంటుంది.

---

బావమరిదికి,

అది ఆశీర్వాదం కాదు. ఏమందో నేను రాయను.

ఆ తరవాత రెండేళ్ళు నీకు ఉత్తరం రాయలేదు. రాయడానికి కొత్తగా ఏమీ జరగలేదు. ఇంట్లో మాటలు తగ్గాయి. ఇల్లు ప్రశాంతంగా ఉందని నేను సంతోషించాను కూడా. అంత బుద్ధిమంతుణ్ణి.

పది రోజుల కిందట ఉదయం మీ అక్క పెరట్లో బట్టలు ఆరేస్తూ జారిపడింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. లేవలేక నన్ను పిలిచింది. నేను ముందు గదిలో రేడియోకి చెవి ఆనించి వ్యాయామం చేస్తున్నాను. ఆమె పిలుస్తూనే ఉంది. నేను వింటూనే ఉన్నాను, రేడియోని. ఎవరో గోధుమ పంటకి పట్టే తెగులు గురించి చెబుతున్నారు. మనకి గోధుమ పంట ఎక్కడుందిరా?

ముప్పావుగంట తరవాత పక్కింటావిడ గోడ దూకి వచ్చింది. ఆ వయసులో ఆవిడ గోడ దూకింది. నా ముందుకొచ్చి రేడియో పీకేసి, చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళింది. మీ అక్క గచ్చు మీద, తడిబట్టల పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు, తిట్టలేదు. అప్పటికి పిలవడం మానేసినట్టుంది.

కట్టు కట్టించి తీసుకొచ్చిన మర్నాడు నేనే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నీ బద్ధకం సిద్ధాంతం చెప్పాను. ఆయన నవ్వలేదు. ఒక కాగితం మీద రాసి చూపించాడు: "మిషను పెట్టుకుంటే చెవి బద్ధకించదు. ఏళ్ళ తరబడి వినకుండా ఉంటేనే మాటలు పోల్చుకోవడం కష్టమవుతుంది. మూడేళ్ళ కిందటే రావాల్సింది."

ఆ కాగితం జేబులోనే ఉంది. నీకు పంపుదామనుకున్నాను. మనసొప్పలేదు. నువ్వు చెప్పావు, నిజమే. వినడానికి ఇష్టపడింది నేను. ముసలాడిలా కనబడతానని నాకు లోపల ఉండేది. నీ సైన్సు దానికి చక్కగా సరిపోయింది.

మీ బావ

తా.క. మిషన్లు వచ్చే వారం వస్తాయి. ఈసారి నీ అభిప్రాయం అడగడం లేదు.

---

బావగారికి,

నమస్కారాలు. అక్క చెయ్యి ఎలా ఉంది?

మీ ఉత్తరం చదివాక దుకాణం మూసేశాను. రాద్దామని కూర్చుంటే, ఈ కాగితానికి ముందు నాలుగు కాగితాలు చింపాను. మొదటిదాంట్లో డాక్టరుది తప్పని రాశాను. రెండోదాంట్లో రేడియోది తప్పని రాశాను. మూడోదాంట్లో పెరటి గచ్చుది. నాలుగోదాంట్లో ఇంకెవరూ దొరకలేదు.

మిషన్లు పెట్టుకోండి బావగారూ. నన్ను క్షమించమని అడిగే మొహం లేదు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. వాటిని తడవనివ్వకండి. ఇది మాత్రం నిజంగానే నిజం.

---

చిరంజీవి బావమరిదికి,

దీవెనలు. చిన్నవాడివి, నువ్వు తల వంచుకుంటే నేను చూడలేను. ఇక ఆ సంగతి వదిలెయ్.

మిషన్లు వచ్చాయి. మొదటి రోజు భయపడ్డాను. నడుస్తుంటే ఎవరో వెనకాలే వస్తున్నారని తిరిగి తిరిగి చూశాను. నా చెప్పులే. కాగితం మడిస్తే చప్పుడవుతుందని మర్చిపోయాను. జీవితమంతా కాగితాల మధ్య బతికినవాణ్ణి, అది మర్చిపోయాను. డాక్టరు గదిలోంచి వచ్చి మెట్ల మీద కూర్చుని, చీటీని మడవడం, విప్పడం, మడవడం.

ఇంటికొచ్చి మీ అక్క మాట వినాలని కూర్చున్నాను. ఆమె కట్టు కట్టిన చేత్తోనే కూరగాయలు సర్దుకుంటోంది. ఇదివరకు పని చేసుకుంటూ ఏదో ఒకటి చెబుతూనే ఉండేది, నీకు తెలుసుగా. ఎక్స్ఛేంజిలో ఎవరో ఎవరితోనో మాట్లాడిన ముచ్చట్లు, వీధిలో జరిగినవి, కలలో వచ్చినవి. అరగంట చూశాను. పెదవి విప్పలేదు.

"ఏమైనా చెప్పవే" అన్నాను.

"ఏం చెప్పమంటారు?"

"ఏదైనా. ఇప్పుడు వినబడుతోంది."

నా వైపు చూసింది. కోపంగా కాదురా. కోపమైతే బాగుండేది. "చెప్పేవన్నీ ఎప్పుడో చెప్పేశానండీ" అంది.

మూడేళ్ళు ఆమె ఏం చెప్పిందో నాకు తెలియదు. ఒక మనిషి మూడేళ్ళ మాటలు ఎక్కడికి పోతాయి?

అందుకే నీకు రాస్తున్నాను. పోయిన సోమవారం తను నీ దుకాణానికి వచ్చిందట కదా. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చింది. వచ్చినప్పుడు మొహం తేటగా ఉంది, ఎంతోకాలంగా మోస్తున్న మూట దింపుకున్నట్టు. తమ్ముడితో మాట్లాడి వచ్చానని మాత్రం అంది. ఏం మాట్లాడిందో రాయి. నన్ను తిట్టినా సరే, ఉన్నదున్నట్టు రాయి. ఎక్కడ మొదలెట్టాలో నాకు తెలియాలి.

ఇట్లు,
మీ బావ

తా.క. ఎడమచెవి మిషను స్నానంలో తడిసింది. నీ మాట గుర్తొచ్చి బియ్యం డబ్బాలో పాతిపెట్టాను. మీ అక్క వంటింట్లోంచి "బియ్యంలో ఏమైనా ఉందా?" అని అడిగింది. కుడిచెవి మిషను అప్పుడు బల్ల మీద ఉంది. బియ్యం ఉన్నాయా అని వినబడి "నిండుగా ఉన్నాయి" అన్నాను. కుక్కర్ మూత తీసేదాకా ఇద్దరికీ తెలియలేదు. ప్రస్తుతం కుడిచెవితోనే వింటున్నాను.

---

బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం మూడు రోజులు బల్ల మీదే ఉంది. మీరు అడిగింది చిన్న ప్రశ్నే. దానికి నా దగ్గర జవాబు లేదు. ఎందుకు లేదో ఈరోజు రాస్తాను.

అక్క సోమవారం వచ్చింది. స్టూలు దగ్గరికి లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. రెండు గంటలు మాట్లాడింది. మధ్యలో నవ్వింది, ఒకసారి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను "అవునక్కా" అన్నాను. "అయ్యో" అన్నాను. అక్క మొహం చూసి, ఎక్కడ ఏది అనాలో అక్కడ అది అన్నాను. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఇన్నాళ్ళకి ఒకడు తన మాట పూర్తిగా విన్నాడని అనుకుంది.

బావగారూ, నాకు ఒక్క ముక్క వినబడలేదు.

ఆరేళ్ళుగా ఇదే బతుకు. రేడియోలు బాగుచేసేవాడికి చెవుడంటే దుకాణానికి ఎవడొస్తాడు? మీటరు ముల్లు కదిలితే పాట వస్తున్నట్టు, స్పీకరు మీద పెట్టిన వేలు అదిరితే గట్టిగా వస్తున్నట్టు. అలా నెట్టుకొస్తున్నాను. మీరు మిషను పెట్టుకుంటే, అక్క మర్నాడే నన్నూ ఆ డాక్టరు ముందు కూర్చోబెడుతుందని భయపడ్డాను. మీకు రాసిన సైన్సంతా నా భయమే. నాకు నేను చెప్పుకున్న మాటలు మీకు పోస్టు చేశాను.

మీకు వినబడలేదు, ఆ సంగతి అక్కకి తెలుసు. నాకు వినబడలేదు, అది తెలియదు. ఆ రెండు గంటల మాటలూ ఇప్పుడు లోకంలో ఎవరి దగ్గరా లేవు, అక్క దగ్గర తప్ప.

కాబట్టి మీరే అడగండి. "నీ తమ్ముడికి కూడా చెవుడే, వాడికీ ఏమీ తెలియదు, మొదటినుంచి చెప్పు" అనండి. నన్ను ఎంత తిట్టినా పరవాలేదు, తిట్టడంతోనైనా మొదలెడుతుంది. మీరు మధ్యలో ఏమీ అనకండి. "అవును" అని కూడా అనకండి. వినండి చాలు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. నిన్న ధైర్యం చేసి చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. సాయంత్రం దాకా కూర్చున్నాను. నా పేరు నాలుగుసార్లు పిలిచారట. రేపు మళ్ళీ వెళ్ళాలి. అక్కని తోడు పంపగలరా?