బావికి వేసిన సీలు

నవంబర్ 3, సోమవారం

పొద్దున లేచేసరికి గోడ మీద కెమెరా ఉంది. గెస్ట్‌హౌస్ వైపు కాదు, మా ఇంటి వైపు తిరిగి ఉంది.

మా కొబ్బరితోటకీ ప్రభుత్వ గెస్ట్‌హౌస్‌కీ మధ్య ఆ గోడ ఒక్కటే. ఇన్నేళ్ళూ గబ్బిలాలు తప్ప ఎవరూ దిగని బంగళా అది. ఇప్పుడు రంగులు వేస్తున్నారు, ఏసీలు బిగిస్తున్నారు. పధ్నాలుగున రాష్ట్రపతి వస్తారట, రెండు రాత్రులు ఇక్కడే ఉంటారట. కిడ్నీ రోగుల్ని చూడ్డానికి అని అమ్మ. సముద్రం చూడ్డానికి అని నాన్న. నాకు రెండూ నమ్మబుద్ధి కాలేదు. కవిటి దాటి ఇంత లోపలికి వచ్చిన పెద్దవాళ్ళు ఇక్కడి నుంచి ఓటో రక్తమో పట్టుకుపోవడమే నేను చూశాను.

నవంబర్ 4, సాయంత్రం

అమ్మకి ఈరోజు డయాలసిస్. పలాస నుంచి వచ్చి పడుకుందో లేదో, వెరిఫికేషన్ అంటూ పోలీసులు వచ్చారు. ఎవరు ఏ గదిలో పడుకుంటారు, డాబా మీదకి ఎవరు వెళ్తారు, బట్టలు ఎక్కడ ఆరేస్తారు. నేనేం చేస్తానని అడిగారు. టెక్కలిలో బీఎస్సీ కెమిస్ట్రీ అయిందని, ప్రస్తుతం ఖాళీ అని చెప్పాను. ఇంటి మొత్తానికి వాళ్ళకి అనుమానం వచ్చిన మాట అదొక్కటే. ఖాళీ అంటే ఎలా ఖాళీ అని ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు అడిగాడు.

గోడ పక్క చెట్లన్నిటి కాయలూ దింపెయ్యాలట, లేత పిందెలతో సహా. నాన్న ఉగ్గబట్టుకోలేక, "రాష్ట్రపతి గారి నెత్తి మీద పడ్డానికే కాసినాయేటి బాబూ నా కాయలు?" అనేశాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. నాన్న పేరు ఇంకోసారి అడిగి రాసుకున్నాడు.

నవంబర్ 5, బుధవారం

ఒకతను సీసా పట్టుకుని మా బావి దగ్గరికి వచ్చాడు. పేరు శ్యాంసుందర్ అన్నాడు. మెడలో ఐడీ కార్డు ఉంది గానీ వెనక్కి తిప్పి ఉంది.

ఉద్దానంలో సీసాతో వచ్చినవాణ్ణి ఎవరూ ఆపరు. కిడ్నీ రీసెర్చ్ వాళ్ళనుకుంటారు. నా చిన్నప్పటి నుంచి ఎన్ని టీములు మా బావి నీళ్ళు తీసుకెళ్ళాయో! ఒక్కళ్ళూ రిపోర్ట్ తెచ్చి చూపించలేదు. అయినా ఎదురింటి వైకుంఠరావు మావ తన టెస్టుల ఫైలు పాలిథిన్ సంచిలో పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఈ పాలికైనా సెప్పీసి ఎల్లు బాబూ. మా నీళ్ళల్లో ఏటున్నాదో నాను బతికుండగా తెలియాల" అని అతని చేతిలో పెట్టాడు. అతను ఫైలు తిరగేశాడు. మళ్ళీ మావకే ఇచ్చేశాడు.

అమ్మ టీ ఇచ్చింది. బావి నీళ్ళ టీ. తాగడానికి కుళాయి నీళ్ళే వాడతాం గానీ, వాటితో టీ పెడితే బ్లీచింగ్ వాసన అంటుంది. అమ్మకి డాక్టర్ ఒప్పుకున్నది రోజుకి అర గ్లాసు టీ. ఆ అర గ్లాసూ బావి నీళ్ళతోనే ఉండాలి. పప్పు కూడా అంతే. శ్యాంసుందర్ గ్లాసు ఖాళీ చేసి, చాలా బాగుందని ఇంకొంచెం అడిగి మరీ తాగాడు.

అతను కిడ్నీ మనిషి కాడు. వాళ్ళు తెచ్చేది తెల్ల ప్లాస్టిక్ సీసాలు, ఇతనిది ముదురు రంగు గాజు సీసా. వాళ్ళందరూ మొదట అడిగేది ఈ నీళ్ళు ఎన్నేళ్ళుగా తాగుతున్నారని. ఇతను అడగనే లేదు. మోటార్ షెడ్ తాళం ఎవరి దగ్గర ఉంటుందని అడిగాడు. గెస్ట్‌హౌస్ కుళాయిలకి వెళ్ళే పైపు కూడా మా బావి నుంచే. అది ఇతనికి ఎవరు చెప్పారు?

నవంబర్ 6

ఇన్‌స్పెక్టర్‌కి చెప్పేశాను. అంతా విని, సీసాల గురించి నాకెలా తెలుసని అడిగాడు. కెమిస్ట్రీ అన్నాను. అనుమానం ఉందని చెప్పింది నేను. ఫోటో తీసింది నన్ను.

నవంబర్ 7

ఇంట్లో ఎవరికీ చెప్పని మాట ఇక్కడ రాస్తున్నాను. సెప్టెంబర్‌లో అమ్మ డయాలసిస్ మీద ఉండగా బయట కూర్చోలేక నేనూ టెస్టుకి రక్తం ఇచ్చాను. క్రియాటినిన్ 1.4. కిడ్నీలు బాగుంటే నా వయసుకి అంత ఉండకూడదు. డిసెంబర్‌లో మళ్ళీ చేయించుకోమన్నారు.

ఆ రోజు నుంచి టీ తాగుతున్న ప్రతిసారీ గ్లాసులోకి చూస్తున్నాను. ఏం కనబడుతుంది? టీ.

నవంబర్ 10, సోమవారం

శ్యాంసుందర్ మళ్ళీ వచ్చాడు. పక్కన ఇన్‌స్పెక్టర్. ఇద్దరూ ఒకే జీపు దిగారు. అతను వాళ్ళ మనిషే! రాష్ట్రపతి తినేవీ తాగేవీ ముందుగా టెస్ట్ చేసే టీమట.

బావి మీద చెక్కలు పరిచి, తాడు కట్టి, ముడి మీద లక్క పోసి సీలు వేశారు. మోటార్ స్విచ్ డబ్బాకి కూడా. ఒక కానిస్టేబుల్‌ని కాపలా పెట్టారు. అతిథి వెళ్ళేదాకా మాకు ట్యాంకర్ నీళ్ళు. గెస్ట్‌హౌస్‌కి మాత్రం సీలు వేసిన క్యాన్లు వ్యాన్‌లో దిగాయి.

టెస్ట్‌లో ఏమొచ్చిందని శ్యాంసుందర్‌ని అడిగాను. రొటీన్ అన్నాడు. రొటీన్ అయితే చూపించమన్నాను. సెక్యూరిటీ విషయం, చెప్పకూడదన్నాడు. నా కడుపులోకి వెళ్ళిన నీళ్ళు నాకు చెప్పకూడని విషయం ఎలా అవుతాయన్నాను. నాన్న వెనక నుంచి నా జడ పట్టుకు లాగాడు.

అంతలో అమ్మ టీ తెచ్చింది. ఏ నీళ్ళతో పెట్టారని అడిగాడు. పోయినసారి అడగలేదు. "నీ కోసమే బాబూ, సీలు ఎయ్యకముందే బిందెడు దాచీసినాను. తాగు, తాగు" అంది అమ్మ. గ్లాసు చేత్తో పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఎసిడిటీ అమ్మా అని గట్టు మీద పెట్టేశాడు.

జీపు వెళ్ళేసరికి టీ మీద మీగడ కట్టింది. "పాపం, ఆ బాబుకి ఒంట్లో బాగునేదేటో" అంది అమ్మ.

నవంబర్ 11

బిందెలో మిగిలిన నీళ్ళు పారబోశాను. కాలు తగిలిందని చెప్పాను. అమ్మ నమ్మలేదు. "ఒలే తనూజా, నీ కాలికి కళ్ళున్నాయేటే?" అంది.

నవంబర్ 13

రేపు రోడ్డు మూసేస్తారని అమ్మ డయాలసిస్ ఈరోజే చేయించారు. పోలీసులే పాస్ ఇచ్చారు, దారిలో ఎవరూ ఆపలేదు. కారులో అమ్మ రాష్ట్రపతి గారు ఎంత మంచివారో చెబుతూనే ఉంది. ఇంటికి రాగానే టీ అడిగింది. ట్యాంకర్ నీళ్ళతో పెట్టాను. ఒక గుక్క తాగి పక్కన పెట్టేసింది. రోజంతటికీ ఉన్న అర గ్లాసు అది.

నవంబర్ 14, సాయంత్రం

వచ్చారు. ఫోన్లకి సిగ్నల్ లేదు. ఆ వైపు కిటికీలు తెరవకూడదని ఆర్డర్. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, మూసిన కిటికీకి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు.

బాత్‌రూమ్ వెంటిలేటర్ వాళ్ళ లిస్టులో లేదు. బకెట్ బోర్లించి ఎక్కి చూశాను. రాష్ట్రపతి కనబడలేదు. లాన్‌లో ట్రే మీద ఒక గ్లాసు నీళ్ళు వెళ్తున్నాయి. చుట్టూ ముగ్గురు మనుషులు.

నవంబర్ 15

శ్యాంసుందర్ గోడ దగ్గర సిగరెట్ కాలుస్తుంటే వెళ్ళాను. మీ ఇంట్లోవాళ్ళనయితే ఈ నీళ్ళు తాగనిస్తారా అని అడిగాను. తన పని అతిథి వరకేనన్నాడు. ఆ టీ ఎందుకు తాగలేదన్నాను. కెమెరాకి వీపు పెట్టి నిలబడ్డాడు. "మీకు కుళాయి నీళ్ళు వస్తున్నాయి కదమ్మా" అన్నాడు. సిగరెట్ సగంలో పారేసి వెళ్ళిపోయాడు.

అది జవాబా? ఎసిడిటీ లాంటి సాకేనా?

నవంబర్ 16, ఆదివారం

వెళ్ళిపోయారు. కెమెరా లేదు, గోడకి రెండు చిల్లులున్నాయి. కానిస్టేబుల్ సీళ్ళు పీకేసి, "ఇంక మీరు తాగొచ్చమ్మా, ఏటీ బయం నేదు" అన్నాడు. లోపలి నుంచి అమ్మ టీ పెట్టమంది.

లక్క ముక్కలు ఏరాను. కొవ్వొత్తి మీద కరిగించి మోటార్ స్విచ్ డబ్బా మీద పోశాను. ముద్ర వెయ్యడానికి నా దగ్గర ఏమీ లేదు. బొటనవేలు పెట్టి నొక్కాను.

కాలింది. తియ్యలేదు.