మడత మంచం కొలత

అక్కా,

ప్రూఫులు దిద్దుకోవడానికి మా ఇంట్లో నాకంటూ ఒక గది కావాలంటే, నువ్వే కూర్చుని కాగితం మీద గీసిచ్చావు. కిటికీ పక్కన బల్ల, ఎదురుగా గోడలోకి మడిచే మంచం. "చుట్టాలొస్తే పనికొస్తుందే" అన్నావు. నా గురించి ఎంత ఆలోచించావోనని పొంగిపోయాను.

నిన్న వడ్రంగి మంచం బిగించి కిందికి దించాడు. బల్ల ముందు కుర్చీ వేసుకోవడానికే చోటు లేదు. ఇదేమిటని అడిగితే, "రోజూ పడుకునే మంచం కదమ్మా, మీ బావగారి ఎత్తు చూసి అక్కగారే కొలతిచ్చారు. వచ్చే నెల నుంచి వాళ్లిక్కడే ఉంటారటగా!" అన్నాడు.

ఆ మాట నువ్వే నన్ను అడిగుంటే, గది ఊడ్చి మరీ ఇచ్చేదాన్ని.

తలుపుకి లోపలి గడియ కూడా పెట్టమన్నావట. అది వేసుకున్నాక నేను ఎటువైపు ఉంటాననుకున్నావే?

నీ చెల్లి