గ్రంథానికి బెల్టు పెట్టమన్న బండి

చిట్టితల్లికి,

నీ మేలు కోరి మాట్లాడే నోట్లో నువ్వెప్పుడైనా గుడ్డ కుక్కావా? ముందు ఈ ప్రశ్నకు నీలో నువ్వు జవాబు చెప్పుకుని, ఆ తర్వాత ఉత్తరం చదువు. నాన్న ఇంట్లో కూడా వేదిక దిగడని నవ్వుకుంటావేమో. వేదిక మీద ఇలాంటివి అడిగేటప్పుడు జవాబు ముందే నా జేబులో ఉండేది. ఈసారి జేబు ఖాళీగా ఉంది.

నీకూ అల్లుడుగారికీ నా దీవెనలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం, మీరూ క్షేమంగా ఉండాలని రోజూ మోకరిస్తున్నాం. ఈ క్షేమం మాట రాసి, కలం పక్కన పెట్టి, లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను. నువ్వు హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ ప్రతి ఉత్తరంలో రాస్తున్నదే. ఇవాళ అది పూర్తి నిజం కాదు. అయినా కొట్టేయను, ఉండనీ.

నీ ఉత్తరంలో అడిగినవాటికి వరసగా చెబుతాను. ప్రార్థన కూటం జరిగే హాలు పైకప్పు బాగుచేయించాం, ఇప్పుడు వాన నా నెత్తిన పడటం లేదు, వెనక బెంచీలవాళ్ళ మీద పడుతోంది. వాళ్ళు ముందుకొచ్చి కూర్చుంటున్నారు, అదీ మంచికే. షాపులో పనికి కొదవ లేదు. కారు లోపల అన్నీ అద్దాలూ తెరలూ అయిపోయినా మనిషి కూర్చునే చోటు ఇంకా గుడ్డతోనే చేస్తున్నారు, కాబట్టి సీటు కవర్లు కుట్టే నా బతుకు గడుస్తోంది. అక్కడి కుర్రాళ్ళు నా గొంతు విని ఇంకా నన్ను 'ఉరుము మామా' అనే పిలుస్తున్నారు. అమ్మ ఫోన్లో ఎందుకు మాట్లాడటం లేదని అడిగావు. పడిశం అన్నాను కదా. ఆ సంగతికి వస్తాను, కాస్త ఓపిక పట్టు.

కారు సంగతి అడిగావు. ఊరూరూ తిరిగి వాక్యం చెప్పేవాడు ఇంకా ఆ డొక్కు స్కూటరు మీద తడుస్తూ వెళ్ళడమేమిటని సంఘంవాళ్ళు తలా ఒక చెయ్యి వేసి ఇచ్చిన బండది. కొత్తది, తెల్లది. ప్రేమతో ఇచ్చినదాన్ని తిట్టకూడదని మొదట్లో పళ్ళ బిగువున ఊరుకున్నాను. ఎంతకాలమని? తలుపు తీద్దామంటే పిడి కనిపించదు. తలుపులోకి నక్కి కూర్చుంటుంది, బతిమాలితే బయటికొస్తుంది. ఒక వాన రోజు మన సంఘం పెద్దాయన తలుపంతా తడిమి తడిమి, "అయ్యా, దీనికి తలుపుందా, విశ్వాసంతోనే లోపలికి పోవాలా?" అన్నాడు. లోపల మీటల్లేవు. పాత బండ్లలో చెయ్యి చాపితే ఫ్యాను మీట వేలికి తగిలేది, కళ్ళు రోడ్డు మీదే ఉండేవి. ఇప్పుడు మధ్యలో చేటంత తెర నిలబెట్టారు. ఫ్యాను తగ్గించాలంటే ఒక బొమ్మ నొక్కాలి, అది ఇంకో పేజీకి పంపుతుంది, అక్కడ ఇంకో బొమ్మ. ఫ్యాను దొరికేలోగా ఊరు దాటిపోతాం. సిగ్నల్ దగ్గర ఆగామా, ఇంజను తనంతట తానే ప్రాణం విడిచి, బ్రేకు మీంచి కాలు తీయగానే తిరిగి లేస్తుంది. "మీ ప్రసంగాలు బాగానే విన్నట్టుంది," అంది మీ అమ్మ.

అన్నిటికీ మించి దాని కూతలు. వెనక్కి పోతే కూత, గీత తొక్కితే కూత, తలుపు ఓరగా ఉంటే కూత. ఎందుకు కూస్తోందో ఆ తెరలో చదువుకునేసరికి ఇంకోదానికి మొదలు.

నా పెద్ద గ్రంథం నీకు తెలుసు, అట్ట ఊడితే సీటు తోలుతో నేనే కుట్టుకున్నాను. దాన్ని సంచీలో వేసి పక్క సీట్లో పెట్టుకోవడం నా అలవాటు. ఆ బరువు చూసి పక్కన మనిషి కూర్చున్నాడనుకుంది బండి. బెల్టు పెట్టలేదని కుయ్యి కుయ్యిమని అందుకుంది. వేగం పెంచిన కొద్దీ గొంతు పెంచింది. గ్రంథానికి బెల్టు పెట్టమంటోంది తల్లీ.

"సంచీ వెనక సీట్లో పెట్టండి, పోతుంది," అంది మీ అమ్మ.

"వాక్యాన్ని వెనక్కి నెట్టమంటావా?"

"సంచీని అన్నాను."

నేను వినలేదు. మర్నాడు షాపులో ఈ గోల చెబితే యజమాని నవ్వి, సొరుగులోంచి ఒక ఇనుప బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు. బెల్టు చివర ఉండే కొక్కెం లాంటిదే, వెనక బెల్టు మాత్రం ఉండదు. "దీన్ని గుచ్చి పెట్టు మామా. బెల్టు పెట్టారనుకుని నోరు మూసుకుంటుంది." గుచ్చాను. మూసుకుంది. ఆ నిశ్శబ్దంలో నాకు కలిగిన విజయగర్వం ఎంతటిదో ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

ఆ ఆదివారం ప్రసంగం దాని మీదే. పనిముట్టు యజమానికి నీతులు చెప్పే రోజులొచ్చాయన్నాను. మనం లోబడవలసినవాడు ఒక్కడున్నాడు, రేకు డబ్బాకు కూడా లోబడమని ఎక్కడ రాసుందన్నాను. ఆ ఇనుప క్లిప్పును పైకెత్తి చూపించాను. హాలంతా నవ్వు. బయటికొచ్చాక ఒక్కొక్కరూ 'మాకూ ఒకటి ఇప్పించండి' అన్నారు, నా చేత్తో నేనే పంచాను. నువ్వు రోగుల ఇళ్ళకు తిరిగేటప్పుడు మందుల సంచీ పక్క సీట్లో పెడితే నీ కారూ ఇలాగే విసిగిస్తోందని చెప్పావు కదా. అందుకే నీకూ ఒకటి పార్సిల్లో వేశాను.

ఇక నీ ఉత్తరంలో ఆఖరి మాట. అల్లుడు ఆ క్లిప్పును పీకేశాడనీ, నువ్వు మళ్ళీ పెట్టావనీ, ఆయన మళ్ళీ తీస్తే "మా నాన్న కంటే మీకెక్కువ తెలుసా" అన్నావనీ రాశావు. రోజూ పొద్దున నువ్వే ఆయన్ను పనిలో దింపుతావు. ఇప్పుడు నీ పక్కన బెల్టు లేకుండా, నోరెత్తకుండా కూర్చుంటున్నాడని రాశావు. 'చివరికి దారికొచ్చాడు, అయినా ఎవరిది రైటో తీర్పు నువ్వే చెప్పు నాన్నా' అన్నావు. తీర్పు చెబుతాను. దానికి ముందు మీ అమ్మ ముఖం సంగతి చెప్పాలి. నీ ఉత్తరం నా చేతికి వచ్చేనాటికే అది జరిగిపోయింది. జరిగాక కూడా నీకు పడిశం అని చెప్పాను.

ఒక సాయంత్రం ఇద్దరం కూటానికి బయల్దేరాం. గ్రంథం సంచీ ఒళ్ళో పెట్టుకుని మీ అమ్మ పక్క సీట్లో కూర్చుంది. బెల్టు లాగి గుచ్చబోతే చోటు లేదు. ఆ చోటులో నా క్లిప్పు ఉంది.

"ఏమండీ, ఇది తీయండి."

"రెండు వీధులే కదే."

"రెండు వీధులైతే మాత్రం?"

"నువ్వు అందుకోకపోతే పాట మొదలవదు, ఆలస్యమవుతోంది. పద."

బొటనవేలితో నొక్కితే ఊడొచ్చేది తల్లీ. తీస్తే బండి మాట విన్నవాడినవుతానని తీయలేదు. మీ అమ్మ ఒక్క క్షణం నా వైపు చూసి బెల్టు వదిలేసింది. అది సర్రున వెనక్కి పోయిన చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది.

తుంపర పడుతోంది. ముందు అద్దానికి ఆవిరి పట్టింది. ఆ ఆవిరి పోగొట్టే గాలి ఏ పేజీలో ఉందోనని తెరలో వెతుకుతున్నాను, కళ్ళు అక్కడే ఉన్నాయి. బండి గట్టిగా కూసింది. "నోర్మూయ్," అన్నాను, తలెత్తకుండానే. మరుక్షణం అది నాతో పనిలేకుండా, తనంతట తానే, నేలను కరుచుకున్నట్టు ఆగిపోయింది.

ఎదురుగా సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక ముసలాయన. ఆయన చక్రానికీ మా బండికీ మధ్య నా గ్రంథం పట్టేంత చోటు మిగిలింది. నేనే ఆపాననుకుని, పాపం, ఆయన చెయ్యెత్తి నాకు కృతజ్ఞత చెప్పి వెళ్ళిపోయాడు. నేనూ చెయ్యెత్తాను. ఆ తర్వాతే పక్కకు చూశాను.

నన్ను నా బెల్టు పట్టుకుంది. మీ అమ్మను పట్టుకునేది ఏమీ లేదు. ఆమె ముఖం వెళ్ళి ఆ తెర అంచుకే కొట్టుకుంది. పై పెదవికి కుట్లు పడ్డాయి, ముందు పళ్ళు రెండూ పోయాయి. ప్రాణానికి భయం లేదు, కంగారు పడకు, కుట్లు విప్పేశారు. పాట మాత్రం అందుకోవడం లేదు. పదాలు విరిగిపోతున్నాయని పెదాలు కదిపి ఊరుకుంటోంది. ఫోన్లో నీతో మాట్లాడితే మాట తేడా పట్టేస్తావని, నేనే మాట్లాడొద్దన్నాను.

ఇంతటితో అయిపోతే ఇది ప్రమాదం. తర్వాత నేను చేసింది వేరు. హాల్లో అందరూ చుట్టుముట్టి ఏమైందని అడిగితే, బండికి పిచ్చెక్కిందన్నాను. ఖాళీ రోడ్డు మీద ఊరికే ఆగిపోయిందన్నాను. ఆ మాట నోట్లోంచి జారిపోయిందని చెప్పను, నేనే వెతుక్కుని తెచ్చుకున్నాను. ఆ తర్వాతి ఆదివారానికి దాన్నే ప్రసంగం చేశాను. ముందు వరసలో కట్టుతో కూర్చున్న మీ అమ్మ వైపు చెయ్యి చాపి, యంత్రాన్ని నమ్మితే ఏమవుతుందో చూడండన్నాను. వాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు. నా గొంతు ఆ రోజు మహా బాగా పలికింది.

ఇంటికొచ్చాక మీ అమ్మ పళ్ళెం నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"ఆ సైకిలాయన ఏమయ్యాడు?"

"ఏ సైకిలాయన?"

"మీరు చెప్పినదాంట్లో కనిపించలేదు, అందుకని అడిగాను."

నేను తల వంచుకుని తింటున్నాను. మళ్ళీ తనే అంది: "మీరు చెప్పినంతసేపూ నేనూ అలాగే తల వంచుకున్నాను. కట్టు బరువుకి అనుకున్నారు అందరూ."

"మరి అక్కడే అడగకపోయావా?"

"అడిగితే పోయేది నా పరువూ కదా. మీరు నా మొగుడు." గ్లాసు నా వైపు జరిపి, "ఆ గాడిద కథ ఒకసారి చదవండి. గట్టిగా," అంది.

ఆ కథ నీకు చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాను. దారికడ్డంగా నిలబడ్డ దేవదూత కత్తి ఎక్కినవాడికి కనిపించదు, గాడిదకు కనిపిస్తుంది. అది ఆగుతుంది. వాడు కొడతాడు. మళ్ళీ ఆగుతుంది, మళ్ళీ కొడతాడు. చివరికి దేవుడు దాని నోరు తెరిపిస్తాడు. ఎన్ని ఊళ్ళలో చెప్పానో! కొట్టేవాడి గొంతు నేను చేస్తుంటే జనం పగలబడి నవ్వేవారు. ఆ గొంతు చేయడానికి నేనేమీ కష్టపడలేదని ఆ పూట తెలిసింది. చదువుతూ చదువుతూ సగంలో ఆగిపోయాను. మీ అమ్మ గ్రంథం నా చేతుల్లోంచి తీసుకుని మూసి, పళ్ళేలు తీయడానికి లేచింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే వాదించేవాడిని, గెలిచేవాడిని కూడా.

మీటలన్నీ పీకి తెర పెట్టినవాడి మీద నా కోపం పోలేదు, పోదు కూడా. అక్కర్లేని వంద కూతల మధ్య అక్కరైన ఒక్క కూతను కలిపేసినవాడికీ దీంట్లో వాటా ఉంది. కానీ ఆ వందనూ భరించి, ఆ ఒక్కదాన్నే వెతికి పట్టుకుని గొంతు నులిమింది నేను. నువ్వు తీర్పు అడిగిన మనిషి ఇలాంటివాడు.

తీర్పు ఇది. అల్లుడిది రైటు. మొదటిసారి తీసినప్పుడూ రైటే, రెండోసారి తీసినప్పుడూ రైటే. ఆయన పిరికివాడని నీతో ఫోన్లో నవ్వాను, ఆ నవ్వుకి నన్ను క్షమించమను. దారికొచ్చాడని రాశావే, మీ అమ్మ కూడా అచ్చం అలాగే దారికొచ్చింది తల్లీ. ఇంట్లో మాట పడలేక ప్రాణం మీద ఆశ వదులుకుని కూర్చోవడాన్ని మనం లోబడటం అనుకున్నాం. నేను అనుకున్నాను, నీకు అదే నేర్పాను.

ఇవాళ సాయంత్రం కూటంలో చెప్పేస్తాను. వేదిక ఎక్కను, బెంచీల మధ్య నిలబడి ఆ సైకిలాయనతో మొదలుపెడతాను. పంచిన క్లిప్పులు ఒక్కొక్కటీ తిరిగి అడుక్కుంటాను. బండి తాళం వాళ్ళ ముందు పెడతాను, ఉంచుకోమంటారో వెళ్ళిపొమ్మంటారో వాళ్ళిష్టం. మీ అమ్మ వచ్చి కూర్చుంటానంది.

పొద్దున్నుంచీ నీకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. రోగుల దగ్గర ఉన్నావేమో, ఎత్తలేదు. ఎత్తనప్పుడల్లా నాకు కాస్త ఊరట కలిగింది, అదీ ఒక సిగ్గే. అందుకే ఈ ఉత్తరం మన లారీ బాబాయి చేతికిస్తున్నాను. మీ వైపే సరుకు తీసుకెళ్తున్నాడు, దీపాలు పెట్టేవేళకు నీ గుమ్మంలో ఉంటాడు. నువ్వు చదివేదాకా కదలొద్దని చెప్పాను.

కాబట్టి బాబాయిని అక్కడే నిలబెట్టి, నువ్వు లేచి కారు దగ్గరికి వెళ్ళు. ఆ బిళ్ళ ఊడబీకి ఆయన చేతిలో పెట్టు. తర్వాత అల్లుడి ఎదురుగా నిలబడి 'మీదే రైటు' అని నీ నోటితో అను, నాన్న ఒప్పుకున్నాడని నా మీద పెట్టి చెప్పకు. రేపు పొద్దునదాకా ఆగకు, తెల్లారితే మళ్ళీ బయల్దేరే హడావుడి, మళ్ళీ 'రెండు వీధులే కదా' అనిపిస్తుంది. ఇవాళే తల్లీ, ఇప్పుడే, ఈ కాగితం కింద పెట్టి వెళ్ళు.

ఇట్లు,
నీ నాన్న