పసందు సంచి

బాపూ,

నువ్విక లేవని, చదవవని తెలిసీ రాస్తున్నాను. నిజామాబాద్ రోడ్డులో, చెరకు తోట ఉన్న చోట మాల్ తెరిచారు. దాన్ని చూసి, బోధన్‌లో మన బట్టల దుకాణం ఎత్తేద్దామంటున్నాడు అన్న. నేనూ పోయి చూశాను. చల్లగా, బాగుంది. లిఫ్టులో నిలబడితే మూడో అంతస్తు. కానీ కదలలేని మనిషి ఇంటికి అక్కడి చీర రాదు.

నిన్న ఆ మాల్‌లో చీరలమ్మే అమ్మాయే, మెడలో కార్డుతో, మన దుకాణానికి వచ్చింది.

"అక్కా, నా పెండ్లికి మా అవ్వకు చీర కావాలె. ఆమె మంచం దిగుతలేదు. మా మాల్‌ల ఇంటికియ్యరు. నాలుగు తీస్కపోయి సూపెట్టుకొస్త, ఇస్తవా?"

నచ్చింది ఉంచుకొని మిగతావి తెచ్చివ్వమని నువ్విచ్చే నీలం సంచి, నీ పసందు సంచి, తీశాను. ఆమె ఎంచుకున్న నాలుగు చీరలూ సర్దాను. తర్వాత, నువ్వు ఎప్పుడూ చేసినట్టే, ఆమె అడగని చీర ఒకటి అడుగున పెట్టాను. కుంకుమ రంగు, సన్నంచు, మెత్తటి నేత.

"గిదెందుకక్కా?" అంది.

"అవ్వను చెయ్యి పెట్టి సూడమను," అన్నాను.

ఈ పొద్దున సంచి తిరిగొచ్చింది. అన్న ఎదుటే విప్పాను. ఆమె ఎంచుకున్న నాలుగు చీరలూ అందులోనే ఉన్నాయి.